చిన్న పెట్రోల్ ఇంజన్ మొరాయిస్తే: పంపుసెట్టు, స్ప్రేయర్, బ్రష్ కట్టర్, జనరేటర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల చాలా రైతుల ఇళ్లలో ఇప్పుడు ఏదో ఒక చిన్న పెట్రోల్ ఇంజన్ ఉంటోంది. వంశధార ఒడ్డున కూరగాయ మడులకు నీళ్లు తోడేది, పత్తికి మందు కొట్టేది, జీడితోటలో తుప్పలు నరికేది, తుఫానుకు కరెంటు పోతే ఇంట్లో లైటు వెలిగించేది. పని వేరైనా లోపలి ఇంజన్ తీరు ఒకటే, జబ్బులూ దాదాపు ఒకటే. కింది జవాబులన్నిటికీ ఒకే పద్ధతి: ముందు పరీక్ష, తర్వాతే పానా. మంచి కాయిల్ (స్పార్కు కరెంటు పుట్టించేది) తీసేసి కొత్తది కొన్నాక, అసలు తప్పు వంద రూపాయల పెట్రోల్‌దని తేలడం ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే నష్టం.

తాడు లాగి లాగి చెయ్యి నొప్పెడుతోంది గానీ స్టార్ట్ అవడం లేదు. మొదట ఏం చూడాలి?

ఇంజన్ నడవాలంటే మూడే కావాలి: స్పార్కు, పెట్రోల్ కలిసిన గాలి, కంప్రెషన్ (పిస్టన్ ఆ గాలిని గట్టిగా నొక్కడం). ఏది లేదో తేల్చడానికి పది నిమిషాలు, ఒక ప్లగ్ పానా చాలు.

ముందు స్విచ్ ఆన్‌లో ఉందా, పెట్రోల్ కాక్ తిప్పారా, చల్లటి ఇంజన్‌కు చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మూత) వేశారా చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ (ఆయిల్‌ను పెట్రోల్‌లో కలపకుండా విడిగా పోసేది) అయితే ఆయిల్ మట్టం కూడా చూడాలి. చాలా మోడళ్లలో ఆయిల్ సెన్సర్ ఉంటుంది, మట్టం తగ్గితే అది స్పార్కును కోసేస్తుంది. ఏటి గట్టు వాలు మీద పంపుసెట్టు పెడితే ఆయిల్ సరిపడా ఉన్నా సెన్సర్‌కు తక్కువగానే తెలుస్తుంది. చదునైన చోటికి మార్చగానే ఇంజన్ అందుకున్న సందర్భాలు తక్కువేమీ కావు.

తర్వాత ప్లగ్గు విప్పండి. మొన తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే పెట్రోల్ వస్తోంది, స్పార్కు లేదు, లేదా చోక్ ఎక్కువై ముంచేసింది. మొన పొడిగా ఉంటే పెట్రోల్ సిలిండర్ దాకా రావడం లేదు.

స్పార్కు చూడటానికి ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజన్ మీద రంగు లేని బోల్టుకు ఆనించి, తాడు లాగండి. ప్లగ్గు విప్పిన రంధ్రానికి దూరంగా ఆనించాలి, అందులోంచి వచ్చే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. నీలంగా, చిటచిటమని దూకితే బాగున్నట్టు. ఎర్రగా, సన్నగా ఉంటే ముందు కొత్త ప్లగ్గుతో చూసి ఆ తర్వాతే కాయిల్‌ను అనుమానించండి.

స్పార్కు బాగుందని తేలితే, ప్లగ్గు రంధ్రంలో అర చెంచా పెట్రోల్ పోసి, ప్లగ్గు బిగించి లాగండి. రెండు మూడు సెకన్లు నడిచి ఆగిపోతే స్పార్కు, కంప్రెషన్ రెండూ ఉన్నట్టే, తప్పు కార్బొరేటర్‌లోనో (పెట్రోల్‌ను గాలితో కలిపేది), పైపులోనో ఉంది. అసలు ఉలకకపోతే కంప్రెషన్ వైపు వెళ్లాలి.

ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువైపోయింది. ఎలా బయటికి తీయాలి?

కాక్ మూసి, స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు విప్పి, చోక్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి పది పన్నెండు సార్లు తాడు లాగండి. ప్లగ్గు తుడిచి ఎండబెట్టండి. మంట మీద కాల్చకండి, పింగాణీ పగులుతుంది.

ప్లగ్గు గ్యాప్ ఎంత? కాయిల్ గ్యాప్ ఎంత?

ఫోర్ స్ట్రోక్ పంపుసెట్లు, జనరేటర్లలో ప్లగ్గు గ్యాప్ ఎక్కువగా 0.7 నుంచి 0.8 మి.మీ. టూ స్ట్రోక్ (పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే) బ్రష్ కట్టర్లు, స్ప్రేయర్లలో 0.6 నుంచి 0.7. ఫీలర్ గేజీతో (సందు కొలిచే సన్న రేకులు) కొలిచి బయటి ఎలక్ట్రోడును మాత్రమే వంచాలి, మధ్యదాన్ని తాకకూడదు. బిగించేటప్పుడు వాషర్ ఆనేదాకా చేత్తోనే తిప్పండి. ఆ తర్వాత పానాతో కొత్త ప్లగ్గుకు అర చుట్టు, పాతదానికి ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు. ఇంజన్ తల అల్యూమినియంది. అతిగా బిగిస్తే మరలు ఊడొస్తాయి, ఆ ఖర్చు ప్లగ్గు ఖర్చుకు ఎన్నో రెట్లు.

కాయిల్‌కూ ఫ్లైవీల్ (తాడుతో తిరిగే బరువు చక్రం) అయస్కాంతానికీ మధ్య దూరం చాలా ఇంజన్లలో 0.3 నుంచి 0.4 మి.మీ. గేజీ లేకపోతే మందమైన విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెట్టి, కాయిల్ అయస్కాంతానికి అతుక్కున్నాక బోల్టులు బిగించి, కార్డు లాగేయండి. కాయిల్ కాళ్ల మీదా, అయస్కాంతం మీదా ఉన్న తుప్పును ముందే గరుకు కాగితంతో రుద్దాలి. తేమ నేలలో పెట్టిన యంత్రాలకు ఆ తుప్పు ఏటా పడుతుంది.

కార్బొరేటర్ మేమే శుభ్రం చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. స్టార్ట్ కాని ఇంజన్లలో ఎక్కువ వాటికి ఇదే మందు కాబట్టి వివరంగా చెబుతాం.

కాక్ మూయండి. కార్బొరేటర్ అడుగున ఉన్న గిన్నెను పట్టే ఒక్క బోల్టు విప్పితే గిన్నె చేతిలోకి వస్తుంది. కింద గాజు సీసా పెట్టుకుని ఆ పెట్రోల్‌ను అందులోకి వంచి, వెలుగులో చూడండి. అడుగున పాదరసంలా గుండ్రంగా జారే బొట్లు కనిపిస్తే అవి నీళ్లు. గోధుమ రంగు మట్టి ఉంటే ట్యాంకు తుప్పు పట్టింది. గిన్నె లోపలి గోడకు పచ్చటి జిగురు, చింతగుజ్జు ఎండిన వాసన లాంటి పుల్లటి వాసన ఉంటే పెట్రోల్ పాతబడి పేరుకుంది.

ఫ్లోట్ పిన్ను లాగితే ఫ్లోటూ, దాని నీడిలూ ఊడతాయి. నీడిల్ రబ్బరు మొన మీద గీత పడితే పెట్రోల్ పొంగుతూనే ఉంటుంది, అది మార్చాల్సిందే. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. లోపల నీళ్లు ఊగిన చప్పుడు వస్తే చిల్లు పడింది.

మధ్యలో నిలువుగా ఉండే మెయిన్ జెట్టును (పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న బెజ్జమున్న మర) సరిపడే వెడల్పున్న స్క్రూడ్రైవర్‌తోనే విప్పాలి. జెట్ ఇత్తడిది, సన్న మొన పెట్టి తిప్పితే గాడి చెరుగుతుంది. దాని వెనక పక్కలకు చిన్న చిన్న బెజ్జాలున్న గొట్టం జారి వస్తుంది, ఆ బెజ్జాలన్నీ తెరుచుకోవాలి. పైన పక్కకు ఉండే చిన్న పైలట్ జెట్టును చాలామంది విప్పరు. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి మెల్లటి వేగంలో) నిలవకపోవడానికి అసలు దొంగ అదే.

జెట్టును ఆకాశం వైపు పెట్టి చూస్తే లోపల గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. చుక్క అర్ధచంద్రంలా ఉంటే ఇంకా జిగురుంది. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగును గుచ్చి మెల్లగా తిప్పండి. గుండుసూది, ఉక్కు తీగ వద్దు. బెజ్జం ఒక్క వెంట్రుకంత పెద్దదైనా ఇంజన్ ఆ తర్వాత ఎప్పటికీ నల్ల పొగే పోస్తుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేను ప్రతి దారిలోకీ కొట్టి, అవతలి వైపు నుంచి బయటికి వస్తోందో లేదో చూడాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, ఆ స్ప్రే ఎటు నుంచి ఎగిరొస్తుందో చెప్పలేం.

బిగించే ముందు గిన్నె చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగు సాగిపోయిందేమో చూడండి. స్ప్రే తగిలితే అది ఉబ్బుతుంది, ముందే తీసి పక్కన పెట్టండి.

బ్రష్ కట్టర్ కార్బొరేటర్‌కు గిన్నె లేదు. అదెలా?

దాంట్లో ఫ్లోట్ బదులు పల్చటి రబ్బరు డయాఫ్రం పనిచేస్తుంది. అది మెత్తగా ఉండాలి. గీరితే కాగితంలా చప్పుడు చేస్తే గట్టిపడినట్టు, కిట్ కొని మార్చండి. ప్రైమర్ బల్బు నొక్కినా పెట్రోల్ పైకి రాకపోతే ట్యాంకులోని ఫిల్టర్‌నూ, పైపు పగుళ్లనూ ముందు చూడాలి.

ఇంజన్ ఊగుతూ నడుస్తోంది. ఒకసారి లేస్తుంది, ఒకసారి పడిపోతుంది.

కొంచెం చోక్ వేసి చూడండి. ఊగడం ఆగితే పెట్రోల్ తక్కువగా అందుతున్నట్టు. పైలట్ జెట్టు మూసుకుపోయి ఉండాలి, లేదా కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ప్యాకింగ్ దగ్గర గాలి పీలుస్తూ ఉండాలి. చోక్ వేసినా ఊగుతుంటే గవర్నర్ (వేగాన్ని హద్దులో ఉంచేది) స్ప్రింగు, లింకు చూడండి. ఊగుడు తగ్గించాలని గవర్నర్ స్ప్రింగును ఇంకో రంధ్రంలోకి మార్చకండి. వేగం హద్దు దాటితే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజన్ ఒంటినే పగలగొడుతుంది.

పెట్రోల్ ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

నెల. అంతకు మించితే నమ్మకం లేదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆషాఢం, శ్రావణాల్లో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్ నీళ్లతో కలిసి అడుగుకు దిగి వేరే పొరగా నిలుస్తుంది. కార్బొరేటర్‌కు ముందు వెళ్లేది ఆ అడుగు పొరే. అనుమానం ఉంటే గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే ఆ పెట్రోల్‌ను ఇంజన్‌లో పోయొద్దు.

ఇథనాల్ వల్ల పాత రకం రబ్బరు పైపులు ఉబ్బి, ఆనక పగులుతాయి. పైపును వేలితో వంచి చూడండి, నెర్రెలు కనిపిస్తే మార్చండి. పల్లెల్లో నీళ్ల సీసాల్లో అమ్మే పెట్రోల్ కన్నా బంకులో ఇనుప డబ్బాలో పట్టించుకున్నదే మేలు.

టూ స్ట్రోక్‌లో ఆయిల్ ఎంత కలపాలి?

యంత్రం మీద 50:1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 40:1 అయితే 25, 25:1 అయితే 40. మూతతో ఉరమరగా కొలవకండి, మెడికల్ షాపులో దొరికే సిరంజి మంచి కొలత. ఆయిల్ టూ స్ట్రోక్‌ది, ఎయిర్ కూల్డ్ ఇంజన్లకు తగినదే కావాలి. 20డబ్ల్యూ-40 లాంటి ఆయిల్ పోస్తే సరిగా కాలక ప్లగ్గూ, సైలెన్సరూ మసి పట్టి మూసుకుంటాయి. ఉత్త పెట్రోల్ పోసి నడిపితే కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది.

ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్లూ వస్తున్నాయి. వాటిలో పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు. 35 సీసీ ఇంజన్‌కు విడిగా సుమారు 100 మి.లీ. ఆయిల్ పడుతుంది. ఇంట్లో రెండు రకాలూ ఉంటే డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపే పంపుసెట్టులో ఆయిల్ మట్టం పెరుగుతోంది. ఎందుకు?

కాలని కిరోసిన్ పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తోంది. డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) వాసన చూస్తే తెలుస్తుంది. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు, వెంటనే మార్చండి. రాకుండా ఉండాలంటే పెట్రోల్ మీద రెండు మూడు నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాకే కిరోసిన్‌కు మార్చాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోల్‌కు తిప్పి రెండు నిమిషాలు నడపాలి, మర్నాటికి కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ ఉండాలి కదా. ఈ ఇంజన్లకు ఆయిల్‌ను 50 గంటలకే మార్చడం మంచిది. మామూలు పెట్రోల్ ఇంజన్‌ను కిరోసిన్‌తో నడపకండి. దాని కంప్రెషన్ కిరోసిన్‌కు ఎక్కువ, పిస్టన్ దడదడ కొట్టుకుని పాడవుతుంది.

ఆయిల్ ఏది, ఎంత, ఎప్పుడు?

163 సీసీ తరహా పంపుసెట్టు ఇంజన్‌కు సుమారు 600 మి.లీ. పడుతుంది. 10డబ్ల్యూ-30 సరిపోతుంది. కొత్త ఇంజన్‌కు మొదటి 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు లేదా ఆరు నెలలకు మార్చాలి. ఆపిన వెంటనే, వేడిగా ఉండగానే దించితే మురికంతా దిగుతుంది.

పొగ రంగును బట్టి ఏం తెలుస్తుంది?

నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది, లేదా చోక్ తెరుచుకోవడం లేదు. నీలం కలిసిన తెల్ల పొగ అంటే ఆయిల్ కాలుతోంది. యంత్రాన్ని పక్కకు పడేసి బండి మీద తెస్తే మొదటి రెండు నిమిషాలు ఈ పొగ వచ్చి తగ్గిపోతుంది, కంగారు పడక్కర్లేదు. రోజూ వస్తుంటే రింగులు అరిగాయి.

ఖాళీగా బాగానే నడుస్తుంది, లోడు పడగానే ఆగిపోతుంది.

ముందు ఎయిర్ ఫిల్టర్. స్పాంజి రకాన్ని సబ్బు నీళ్లలో పిండి, నీడలో ఆరబెట్టి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ అద్ది మళ్లీ గట్టిగా పిండి పెట్టాలి. కాగితం రకాన్ని కడగకూడదు, తట్టి దుమ్ము దులపాలి.

తర్వాత సైలెన్సర్. టూ స్ట్రోక్ యంత్రాల్లో సైలెన్సర్ మూతి దగ్గర సన్న ఇనుప జల్లెడ ఉంటుంది. అది మసితో కప్పుకుపోతే ఇంజన్‌కు ఊపిరాడదు. విప్పి వైరు బ్రష్‌తో రుద్దండి. వాడకుండా పెట్టిన ఇంజన్ సైలెన్సర్‌లో కుమ్మరి పురుగు మట్టి గూడు కడుతుంది. టార్చి వేసి చూస్తే ఎర్రమట్టి బిరడా కనిపిస్తుంది, పుల్లతో పొడిచి దులిపేయండి.

గుణుపురం, రాయగడ వైపు పత్తి చేలల్లో తిరిగే స్ప్రేయర్లకు ఇంకో బెడద ఉంది. దూది నూగు ఫ్యాన్ జాలీలోంచి పోయి సిలిండర్ రెక్కల మధ్య మెత్తలా పేరుకుంటుంది. బయటికి ఏమీ కనబడదు. కవర్ విప్పి చూస్తేనే తెలుస్తుంది. గాలి తగలక సిలిండర్ కాగి పవర్ పడిపోతుంది. సీజన్‌లో పదిహేను రోజులకోసారి విప్పి బ్రష్ కొట్టాలి.

అదే ఇంజన్ కొరాపుట్టు తీసుకెళ్తే బలం తగ్గింది. చెడిపోయిందా?

కాదు. కొరాపుట్టు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి 300 మీటర్లకు దాదాపు 3 శాతం పవర్ తగ్గుతుంది, కింద పనిచేసిన జెట్టుకు అక్కడ మిశ్రమం కాస్త చిక్కనవుతుంది. ఈ ఎత్తుకు మామూలుగా జెట్టు మార్చక్కర్లేదు. ఫిల్టర్ శుభ్రంగా ఉంచి, లోడు కొంచెం తగ్గించండి.

అరగంట నడిచి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది.

ఆగిన వెంటనే ట్యాంకు మూత వదులు చేయండి. ఫస్‌మని గాలి లోపలికి పోయి ఇంజన్ అందుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. అది కాకపోతే వేడి మీదే స్పార్కు చూడండి. వేడిగా ఉన్నప్పుడు స్పార్కు పోయి చల్లారాక వస్తుంటే కాయిల్ లోపలి తీగ తెగుతోంది. దానికి రిపేరు లేదు, మార్చాలి.

కంప్రెషన్ తగ్గిందని బోర్ (అరిగిన సిలిండర్‌ను కోసి సరిచేయడం) చేయించమంటున్నారు. చేయించాలా?

తొందరపడకండి. తాడు సులువుగా లాగేందుకు చాలా ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో డీకంప్రెషన్ (తాడు లాగేటప్పుడు కంప్రెషన్‌ను కొంత వదిలే) ఏర్పాటు ఉంటుంది, గేజీ పెడితే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాక వాల్వు క్లియరెన్సు (వాల్వు కాడకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందు) కొలవండి. 163 సీసీ తరహాకు ఇన్లెట్ 0.15 మి.మీ., ఎగ్జాస్ట్ 0.20. పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలోనే కొలవాలి. నడిచే కొద్దీ వాల్వు సీటులోకి దిగి ఈ సందు తగ్గుతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. గ్యాప్ సరిచేయగానే చాలా ఇంజన్లు మళ్లీ అందుకుంటాయి.

అది సరిగానే ఉంటే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి లాగండి. తాడు బిగువు పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్. ప్యాకింగ్ అంచున సబ్బు నీళ్లు రాసి లాగితే లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి.

తాడు చేతిలోంచి వెనక్కి గుంజుకుంటోంది, సైలెన్సర్‌లో టప్పుమంటోంది.

ఫ్లైవీల్ కింద ఉండే అర్ధచంద్రం కీ తెగి, స్పార్కు టైమింగ్ తప్పింది. ఫ్లైవీల్ నట్టు వదులైతే ఇలా అవుతుంది. పుల్లర్‌తో ఊడదీయాలి, షాఫ్ట్ మొన మీద సుత్తి దెబ్బ వేయొద్దు. కొత్త కీ వేసి నట్టును టార్క్ పానాతో (బిగువు కొలత చూపేది) బిగించండి.

ఏరు పొంగి పంపుసెట్టు మునిగిపోయింది.

తాడు లాగకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, రాడ్ వంగిపోతుంది. ప్లగ్గు విప్పి, పంపును వంచి నీళ్లు పోనిచ్చి, అప్పుడు మెల్లగా తాడు తిప్పండి. ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి కడగాలి. ఆయిల్ దించి కొత్తది పోసి ఐదు నిమిషాలు నడిపి మళ్లీ దించండి. పాలలా తెల్లగా వస్తే మూడోసారీ మార్చాలి. ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే చేయాలి, బురద నీళ్లు ఉన్న సిలిండర్ అంతకన్నా ఆగదు.

ఇంజన్ బాగుంది, నీళ్లు మాత్రం లాగడం లేదు.

పంపు బాడీ నిండా నీళ్లు పోశారా? సక్షన్ పైపు జాయింట్లలో గాలి పీలుస్తోందా? క్లిప్పులు బిగించి చూడండి. నీటి మట్టం నుంచి పంపు ఎత్తు 7 మీటర్లు దాటితే ఏ పంపూ నమ్మకంగా లాగదు, 4, 5 మీటర్ల లోపు పెట్టుకోండి. ఉత్తినే తిప్పితే కొద్ది నిమిషాల్లో సీలు కాలిపోతుంది.

తుఫానప్పుడు జనరేటర్ ఇంట్లో పెట్టొచ్చా?

వద్దు. వరండాలో కూడా వద్దు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రుల్లో వానకు తడుస్తుందని జనరేటర్‌ను లోపల పెట్టాలనిపిస్తుంది. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపులు, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో, బయట రేకు కింద పెట్టండి. ఇంటి గోడ సాకెట్టులోకి జనరేటర్ కరెంటును తిరగేసి ఇవ్వకండి. అది లైన్లలోకి పోయి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌ను చంపుతుంది. చేంజోవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు ఒకదాన్ని తీసే ఇంకోటి ఇచ్చేది) పెట్టించండి.

స్పేర్ పార్టు బరంపురం నుంచి తెప్పించాలంటే ఏం చెప్పాలి?

"ఐదు హెచ్‌పీ ఇంజన్‌కు కార్బొరేటర్" అంటే సరిపోదు. ఇంజన్ ఒంటి మీద చెక్కిన మోడల్, టైపు, సీరియల్ నంబర్లను ఫోటో తీయండి, పాత పార్టును రెండు వైపులా తీయండి. షాపువాళ్లు ఒడియాలో మాట్లాడినా నంబరుకు భాష అడ్డురాదు.

పంట అయిపోయాక ఆరు నెలలు పెట్టేయాలంటే?

కాక్ మూసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడపండి. తర్వాత గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిన బొట్లు కూడా వదలండి. ట్యాంకు ఖాళీ చేయండి. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, రెండు సార్లు తాడు లాగి, ప్లగ్గు బిగించండి. చివరగా తాడును మెల్లగా లాగి, బరువు తగిలిన చోట ఆపేయండి. అక్కడ వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కి, ఆ గుడ్డ కొసను తాడు పిడికి కట్టండి. మళ్లీ ఏడాది పిడి పట్టుకోగానే గుడ్డ తీయాలని చేతికే తగులుతుంది.